తియ్యటి మాత్రలో ‘200’ కథ

పిల్లాడికి ఉన్నట్టుండి జ్వరం.. గొంతులో టాన్సిల్స్.. చంకలో సెగగడ్డ! హోమియో పెట్టె ఉన్న ఇంట్లో ముందుగా బయటికొచ్చే సీసా ‘బెల్లడోనా’. పాతికేళ్ల కిందట మెదడువాపు రాకుండా ఆపుతుందంటూ ప్రభుత్వమే పిల్లలకు పంచిన మందిది. ఇంతకీ ఆ సీసా మీద ఉండే 30, 200 అంకెలకు అర్థమేంటి? లోపల ఉన్న మందెంత?

నూజివీడు పేరు వింటే చాలు, నోట్లో నీళ్లూరతాయి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ.. అగిరిపల్లి నుంచి విస్సన్నపేట దాకా ఎటు చూసినా మామిడి తోటలే. డిసెంబరు, జనవరి నెలల్లో చెట్లు పూతకొస్తాయి. తేనెమంచు పురుగు తగలకుండా, బూడిద తెగులు సోకకుండా ఆ పూతను కాయ దాకా నిలబెట్టుకోవడమే అప్పుడు రైతుకున్న పెద్ద బెంగ. సరిగ్గా ఆ చలిలోనే ఇళ్లలో మరో బెంగ మొదలవుతుంది. పిల్లలకు దగ్గు, గొంతునొప్పి, రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉండి తెల్లవారుజామున పెనంలా కాలిపోయే ఒళ్లు!

అలాంటి వేళ బీరువా పై అరలోంచి చిన్న పెట్టె కిందికి దిగుతుంది. వేలెడంత సీసాలు, వాటినిండా ఆవగింజల కన్నా కాస్త పెద్దవైన తెల్ల గుళికలు. నాలుక కింద నాలుగు పోస్తే పిల్లలు మారాం చెయ్యరు సరికదా, ‘ఇంకో నాలుగు’ అని చెయ్యి చాపుతారు. పెద్దవాళ్లేమో ‘అరగంట దాకా ఏమీ తినకూడదు, ఉల్లిపాయ, కాఫీ అసలే వద్దు’ అని పథ్యం చెబుతారు.

ఈ ప్రాంతంలో హోమియో మీద మక్కువ నిన్న మొన్నటిది కాదు. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ మీదుగా వెళితే గుడివాడ వస్తుంది. అక్కడి డాక్టర్ గురురాజు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలది స్వాతంత్ర్యానికి ముందే మొదలైన చరిత్ర. దశాబ్దాలుగా అక్కడ చదువుకున్నవాళ్లు తెలుగునాట ఊరూరా బోర్డులు పెట్టారు. ఖర్చు తక్కువ. పైగా హోమియో డాక్టరు కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడతాడు. దాహం ఎంత, చెమట ఎక్కడ పడుతుంది, కలలొస్తాయా, చలిగాలి పడుతుందా.. అన్నీ అడుగుతాడు. రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపించే చోట కన్నా ఇక్కడ మనసుకు ఊరటగా ఉంటుంది. ఇందులో కాదనడానికేమీ లేదు.

అసలు ప్రశ్న ఆ సీసాలోని మందు గురించి. అంటువ్యాధి దగ్గరకు వచ్చేసరికి అది మరీ పెద్ద ప్రశ్న.

ఉమ్మెత్తకు చుట్టం

బెల్లడోనా ఐరోపా మొక్క. వంకాయ, టమాటాల కుటుంబమే. మన పొలం గట్ల మీద పెరిగే ఉమ్మెత్తకు దగ్గర చుట్టం కూడా. ఉమ్మెత్త కాయ తింటే పిచ్చెత్తుతుందని మన పల్లెల్లో అందరికీ తెలుసు. బెల్లడోనా కూడా అంతే. రెండింటిలోనూ అట్రోపిన్, స్కోపోలమిన్ అనే విష పదార్థాలున్నాయి. ఇటాలియన్ భాషలో ‘బెల్లా డోనా’ అంటే అందమైన స్త్రీ. ఒకప్పుడు అక్కడి ఆడవాళ్లు ఈ మొక్క రసాన్ని కళ్లల్లో వేసుకునేవారట. కంటిపాప పెద్దదై కళ్లు కాంతిగా కనిపించేవి. ఇప్పటికీ చిన్నపిల్లలకు కళ్లద్దాల పరీక్ష చేసేముందు కొన్నిసార్లు కంటి డాక్టర్లు వేసేది అట్రోపిన్ చుక్కలే.

మోతాదు మించి ఈ మొక్క ఒంట్లోకి వెళితే ఏమవుతుంది? మొహం ఎర్రబడుతుంది, ఒళ్లు కాలిపోతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, మనిషి పలవరిస్తాడు. సరిగ్గా ఇవే లక్షణాలతో జ్వరం వస్తే దానికి ఇదే మందు.. ఇదీ హోమియో సూత్రం. ముల్లును ముల్లుతో తీసినట్టన్నమాట. జర్మనీ వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో ఈ ఆలోచనను లోకం ముందు పెట్టాడు. 1810లో ‘ఆర్గనాన్’ పుస్తకం రాశాడు.

అంటువ్యాధికీ బెల్లడోనాకూ ముడిపెట్టింది కూడా ఆయనే. 1799లో కోనిగ్స్‌లుటర్ అనే పట్టణంలో స్కార్లెట్ జ్వరం ప్రబలింది. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, గొంతు పుండు, తీవ్రమైన జ్వరం. ఒక ఇంట్లో పిల్లలకు వరసగా ఆ జ్వరం వస్తే, వేళ్ల కీళ్ల బాధకు అప్పటికే బెల్లడోనా వాడుతున్న ఒక అమ్మాయికి మాత్రం రాలేదని హానిమన్ గమనించాడు. దాంతో మిగతా పిల్లలకూ ముందు జాగ్రత్తగా అదే ఇచ్చాడు. 1801లో ఆ అనుభవాన్ని చిన్న పుస్తకంగా వేశాడు. సూక్ష్మజీవుల సంగతి లోకానికి తెలియని రోజులవి. స్కార్లెట్ జ్వరానికి కారణం స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా అని తేలడానికి ఇంకో వందేళ్లు పైనే పట్టింది. ఇప్పుడు దానికి పెన్సిలిన్ తరగతి మందులున్నాయి.

ఇప్పటికీ హోమియో పుస్తకాల్లో బెల్లడోనా పేజీ తెరిస్తే ఉండేవి అవే గుర్తులు. ఉన్నట్టుండి వచ్చే ఎక్కువ జ్వరం, ఎర్రబడ్డ మొహం, కణతల్లో దడదడ, ఎర్రగా వాచిన టాన్సిల్స్, చెవిపోటు, చీము పట్టకముందు ఎర్రగా వేడిగా ఉండే సెగగడ్డ. చీము పడితే హెపార్ సల్ఫ్, సైలీషియా అంటారు. ఒళ్లంతా విషమెక్కే సెప్టిక్ జ్వరమైతే పైరోజీనియం అంటారు. ఆ చివరిది కుళ్లిన మాంసం నుంచి తయారైన మందని చాలామందికి తెలియదు. 1880లో డ్రైస్‌డేల్ అనే ఆంగ్ల వైద్యుడు దాన్ని ముందుకు తెచ్చాడు.

చుక్క రసం.. నాలుగు సాగర్లు!

ఇక అంకెల సంగతి. బెల్లడోనా 6, 30, 200, 1ఎం, 10ఎం.. వీటిని ‘పొటెన్సీ’ అంటారు. అంకె పెరిగేకొద్దీ మందు ఘాటు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ‘30తో తగ్గలేదు, 200 ఇవ్వండి’ అని దుకాణంలో అడుగుతారు. హోమియో పద్ధతిలో 30ని రోజుకు రెండు మూడుసార్లు వెయ్యొచ్చనీ, 200ని తక్కువసార్లు వాడాలనీ, 1ఎం, 10ఎం అయితే ఒక్క మోతాదుతో ఆగి చూడాలనీ చెబుతారు. ‘పెద్ద పొటెన్సీ.. జాగ్రత్త’ అనే మాట అలా వచ్చిందే.

నిజానికి ఆ అంకె చెప్పేది మందును ఎన్నిసార్లు పలచన చేశారన్నది. మొక్కను సారాయిలో నానబెట్టి తీసిన అసలు కషాయాన్ని మదర్ టింక్చర్ అంటారు. సీసా మీద ‘క్యూ’ అని ఉంటుంది. అందులోంచి ఒక చుక్క తీసి 99 చుక్కల సారాయిలో కలిపి గట్టిగా కుదిపితే అది 1. అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99 చుక్కల్లో కలిపితే 2. అలా రెండు వందల సార్లు చేస్తే 200. వెయ్యిసార్లు చేస్తే 1ఎం, పదివేలసార్లు చేస్తే 10ఎం.

మామిడి రసంతో లెక్క వేస్తే ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక చిన్నరసం పిండి ఒకే ఒక్క చుక్క తీసుకుందాం. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, ఆ చుక్కను టీ చెంచాడు నీళ్లలో కలిపితే వచ్చేది 1. మూడో పొటెన్సీ అంత పలచన ఒకేసారి కావాలంటే? 50 లీటర్ల డ్రమ్ము కావాలి. పర్వాలేదు, ఇంట్లో ఉంటుంది. ఆరో పొటెన్సీకి? పన్నెండెకరాల చెరువులో మీటరు లోతున నీళ్లుండాలి. ఊరి చెరువులో చుక్క రసం!

తొమ్మిదికి వెళదాం. ఇప్పుడు చెరువులు చాలవు. దాదాపు 1,766 టీఎంసీల నీళ్లు కావాలి. నాగార్జునసాగర్ కట్టినప్పటి నిల్వ సామర్థ్యం 408 టీఎంసీలు. అంటే నాలుగు సాగర్లు నిండినా ఇంకా మిగిలే నీళ్లు. అందులో ఒక్క చుక్క చిన్నరసం. పన్నెండో పొటెన్సీకి హిందూ మహాసముద్రంలో దాదాపు అయిదో వంతు కావాలి. పదమూడుకు భూమ్మీద ఉన్న సముద్రాలన్నీ కలిపినా చాలవు.. అలాంటివి మూడున్నరకు పైగా భూగోళాలు కావాలి.

ఇంకా 187 మెట్లున్నాయి!

తయారుచేసేవాళ్లు సముద్రాలేవీ వాడరు. ప్రతి మెట్టులో ఒక్క చుక్క ఉంచుకుని మిగతాది పక్కన పెట్టేస్తారు కాబట్టి చిన్న సీసాలతోనే పని జరిగిపోతుంది. కానీ ఫలితం అదే. ఏ పదార్థానికైనా అణువులు లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఇంటర్ కెమిస్ట్రీలో చదివే అవగాడ్రో సంఖ్య అదే.. 6 పక్కన 23 సున్నాలు. పన్నెండో మెట్టు దాటితే అసలు మొక్క తాలూకు ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. 200లో పలచన ఎంతో చెప్పాలంటే 1 పక్కన 400 సున్నాలు పెట్టాలి. 30 అయినా, 200 అయినా, 10ఎం అయినా రసాయన పరీక్షకు తేడా తెలియదు. గుళికలో మిగిలేది పంచదారే.

దీనికి హోమియో వైద్యుల సమాధానం వాళ్లకుంది. ‘మేమిచ్చేది పదార్థం కాదు, కుదపడం వల్ల ద్రవంలో నిలిచే శక్తి’ అంటారు. 1988లో ఫ్రాన్సు శాస్త్రవేత్త జాక్ బెన్‌వెనిస్ట్ నీటికి జ్ఞాపకశక్తి ఉందన్నట్టుగా ‘నేచర్’ పత్రికలో ఓ పరిశోధన వేశాడు. ఆ పత్రిక పంపిన బృందం ఎదుట మళ్లీ చేస్తే అది నిలవలేదు. 2010లో ఐఐటీ బాంబే పరిశోధకులు కొన్ని లోహాల మందుల్లో, ఎక్కువ పొటెన్సీల్లోనూ అతిసూక్ష్మ కణాలు కనిపించాయన్నారు. అది బంగారం, రాగి లాంటి లోహాల సంగతి. ఆ కణాలు జబ్బును తగ్గిస్తాయా అన్నది వేరే ప్రశ్న. బెల్లడోనా లోహం కాదు, మొక్క.

బీసీటీ వచ్చిన ఏడాది

ఈ చర్చ పుస్తకాల్లో ఆగిపోలేదు. 1999లో తెలుగు ఇళ్ల గుమ్మాల్లోకి వచ్చింది.

ఆ ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను మెదడువాపు వణికించింది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్. సగానికి పైగా జిల్లాల్లో వందలమంది పిల్లలు జబ్బుపడ్డారు. వందకు పైగా ప్రాణాలు పోయాయి. పొద్దున జ్వరం, సాయంత్రానికి ఫిట్స్, ఆపైన కోమా. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1955లో.. తమిళనాడులోని వేలూరు ప్రాంతంలో. వరిచేలల్లో నిలిచిన నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు కొంగల నుంచి, పందుల నుంచి ఈ వైరస్‌ను మనుషులకు చేరుస్తాయి. వరి, కొంగలు, పందులు.. మన పల్లెల్లో లేనివేవి?

1999లోనే రాష్ట్ర ప్రభుత్వం హోమియో విభాగం ద్వారా ముందు జాగ్రత్త మందు పంచడం మొదలుపెట్టింది. దాని పేరు బీసీటీ. మొదట బెల్లడోనా 200. కొన్ని రోజుల విరామంతో కాల్కేరియా కార్బ్ 200. చివరికి ట్యూబర్‌క్యులైనమ్ 10ఎం. కాల్కేరియా అంటే ఆల్చిప్పల సున్నం. ట్యూబర్‌క్యులైనమ్ క్షయ పదార్థం నుంచి చేసేది. ఒక వ్యాధి ప్రబలినప్పుడు ఎక్కువమందిలో కనిపించే లక్షణాలకు సరిపోయే మందును ఊరందరికీ ఇవ్వడం హానిమన్ నాటి పద్ధతే. తీవ్రజ్వరం, ఫిట్స్, పలవరింతలు కాబట్టి బెల్లడోనాను ఎంచుకున్నారు. తర్వాతి ఏళ్లలోనూ బడుల్లో, వీధుల్లో లక్షలాది పిల్లలకు ఆ గుళికలు అందాయి.

ఆ తర్వాత కేసులు బాగా తగ్గాయి. ‘చూశారా, హోమియో మహిమ’ అన్న మాట రాష్ట్రం దాటి ఇతర దేశాల హోమియో పత్రికల దాకా వెళ్లింది. ఈనాటికీ ‘అంటువ్యాధుల మీద హోమియో గెలిచిందా?’ అని ఎవరైనా అడిగితే చెప్పే మొదటి ఉదాహరణల్లో ఆంధ్రా బీసీటీ ఒకటి.

కాపు ఏడాది.. వట్టి ఏడాది

ఇక్కడ మామిడి రైతును ఒక మాట అడగాలి. ఒక ఏడాది చెట్టు విరగకాసి, మరుసటి ఏడాది వట్టిపోవడం మామిడికి అలవాటే. కాపు లేని ఏడాది ఎవరో వచ్చి ఒక కొత్త మందు అమ్మారనుకోండి. అది తోటంతా కొడితే మరుసటి ఏడాది గెలలు వేలాడాయి. అది మందు గొప్పా, చెట్టు వంతా? అనుభవమున్న రైతు ఏం చేస్తాడు? సగం తోటకు కొట్టి సగం తోట వదిలేస్తాడు. రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. అప్పుడుగానీ నమ్మడు.

బీసీటీలో జరగనిది ఆ సగం తోట పనే. మెదడువాపు కూడా మామిడి కాపు లాంటిదే. ఒక ఏడాది పెట్రేగుతుంది, తర్వాత రెండేళ్లు అణిగి ఉంటుంది. వాన, దోమలు, పందుల సంఖ్య, అప్పటికే వైరస్ సోకి రక్షణ వచ్చిన పిల్లలు.. ఇలా చాలా కారణాలుంటాయి. అదే సమయంలో దోమల మందు కొట్టారు, పందులను ఊళ్లకు దూరంగా తరలించే ప్రయత్నాలూ జరిగాయి. వీటిలో దేని వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పే పోలిక లేదు.

ఇంకో లెక్క కూడా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఈ వైరస్ సోకిన ప్రతి 250 మందిలో సుమారు ఒక్కరికే జబ్బు తీవ్రమవుతుంది. మిగతా 249 మందిలో ఎక్కువమందికి సోకినట్టు కూడా తెలియదు. అంటే ఏ గుళికా వెయ్యని ఊళ్లోనూ అత్యధికులు క్షేమంగానే ఉంటారు. ‘మా పిల్లాడికి మాత్రలు వేశాం, ఏమీ కాలేదు’ అన్న తల్లి మాట అబద్ధం కాదు. కానీ అది మందుకు రుజువూ కాదు. ఆ ఒక్కరి సంగతే భయంకరం. మెదడువాపు దాకా వెళ్లినవారిలో నూటికి ముప్ఫైమంది వరకు చనిపోవచ్చు. బతికినవారిలోనూ చాలామందికి కాలో చెయ్యో, మాటో, చదువో దెబ్బతింటుంది.

2003 వేసవిలో మరో దెబ్బ. జూన్ నుంచి ఆగస్టు దాకా రాష్ట్రంలో 329 మంది పిల్లలకు మెదడువాపు లక్షణాలొస్తే 183 మంది చనిపోయారు. చాలామంది లక్షణాలు కనిపించిన ఒకటి రెండు రోజుల్లోనే! పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షిస్తే అది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కాదని తేలింది. చండీపురా వైరస్. 1965లో నాగపూర్ దగ్గరి చండీపురా గ్రామంలో మొదట బయటపడింది కాబట్టి ఆ పేరు. ఇది ఇసుక ఈగల ద్వారా వస్తుంది. బీసీటీని ఆ వైరస్ కోసం ఇవ్వలేదు కాబట్టి ఆ మరణాలకు దాన్ని తప్పుపట్టకూడదు. కానీ జబ్బు పేరు కాక లక్షణాలు చూసి మందిచ్చే పద్ధతికి ఇదో చిక్కు ప్రశ్న. జ్వరం, ఫిట్స్, కోమా.. పైకి రెండు జబ్బులూ ఒకేలా ఉన్నాయి. లోపలి శత్రువులు వేరు. 2024లో గుజరాత్‌లో మళ్లీ పిల్లల ప్రాణాలు తీసింది ఈ చండీపురాయే. దానికింకా టీకా లేదు.

తర్వాత పరిశోధనలు జరగలేదా అంటే.. జరిగాయి. 2010లో కోల్‌కతా శాస్త్రవేత్తలు కోడిగుడ్డు లోపలి పొరల మీద బెల్లడోనాను ప్రయోగించి, వైరస్ వల్ల పడే మచ్చలు తగ్గాయన్నారు. గుడ్డు పొర వేరు, పిల్లాడి మెదడు వేరు. 2018లో గోరఖ్‌పూర్ ఆసుపత్రి పిల్లల మీద జరిపిన పరీక్ష ఫలితాలొచ్చాయి. ఆసుపత్రి వైద్యానికి తోడుగా హోమియో ఇచ్చినవారిలో పరిస్థితి మెరుగ్గా ఉందని చెప్పారు. అయితే ఎవరికేం ఇస్తున్నారో వైద్యులకు తెలిసేలా చేసిన పరీక్ష అది. అన్నిటికన్నా గమనించాల్సింది, అక్కడ కూడా హోమియో ‘తోడు’ మాత్రమే. సెలైను, ఆక్సిజను, ఫిట్స్ మందు ఆపి ఎవరూ గుళికలివ్వలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది.. క్షయ, మలేరియా, ఎయిడ్స్, ఫ్లూ, పసిపిల్లల విరేచనాలకు హోమియోను నమ్ముకోవద్దని. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి ఉన్న అధ్యయనాలన్నీ జల్లెడపట్టి, హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారమున్న జబ్బు ఒక్కటీ లేదని తేల్చింది. అయినా 2020లో కరోనా భయం మొదలవగానే ఆయుష్ శాఖ సలహాలో ఆర్సెనికం ఆల్బమ్ 30 వచ్చింది. పరగడుపున రోజుకోసారి, మూడు రోజులు. తెలుగు ఊళ్లలో మళ్లీ గుళికల సీసాలు పంచారు. బీసీటీ నాటి దృశ్యమే. ఈసారీ సగం తోట వదిలి చూడకముందే పంపిణీ మొదలైంది.

తోటలో అసలు బెల్లడోనా

చిత్రమేంటంటే, బెల్లడోనా మొక్కలోని అసలు పదార్థం మామిడి తోటల ప్రాంతంలో ప్రాణాలు నిలబెట్టగలదు. ఎలాగంటారా?

పూత మీద తేనెమంచు పురుగు పడితే రైతు స్ప్రేయరు భుజానికెత్తుకుంటాడు. ఎత్తయిన చెట్టు, తల మీద పడే తుంపర, మూతికి కట్టిన తువ్వాలు ఒక్కటే రక్ష. ఆ పురుగుమందుల్లో కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ తరగతివి. అవి ఒంట్లోకి ఎక్కువగా వెళితే నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనలా కుచించుకుపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు.. మనిషి తన ఊపిరి నీళ్లలో తనే మునిగిపోతాడు. పొరపాటున పీల్చినా, కష్టాల్లో కావాలని తాగినా జరిగేది అదే.

అప్పుడు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు అట్రోపిన్. బెల్లడోనాలో ఉండేదే, కాకపోతే కొలిచి ఇంజక్షన్‌గా ఇచ్చేది. డాక్టరు కొన్ని మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అయిదేసి నిమిషాలకు చూసుకుంటూ మోతాదు రెట్టింపు చేసుకుంటూ పోతాడు. ఛాతీలో గురగుర ఆగిందా, గుండె వేగం పెరిగిందా, చెమట ఆరిందా.. అవి సరిపడేదాకా ఆగడు. ఎక్కువైతే పలవరింతలు మొదలవుతాయి కాబట్టి రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అట్రోపిన్ ఉంది.

చూడండి తమాషా! ఇక్కడ పనిచేస్తున్నది పోలిక కాదు, వైరుధ్యం. విషం పాపను కుదిస్తే అట్రోపిన్ విప్పుతుంది. విషం తడి పెంచితే ఇది ఆరబెడుతుంది. మోతాదు పెరిగేకొద్దీ పనీ పెరుగుతుంది. అంకె పెరిగేకొద్దీ పదార్థం మాయమయ్యే లెక్క ఇక్కడ నడవదు.

పదార్థం ఉన్నచోట ప్రమాదమూ ఉంటుందన్నది ఇందులోనే రెండో సంగతి. ‘హోమియో కదా, ఏమీ చెయ్యదు’ అనే మాట 30కి, 200కి వర్తిస్తుందేమోగానీ మదర్ టింక్చర్‌కూ, 1, 2, 3 లాంటి చిన్న అంకెలకూ కాదు. అమెరికాలో పళ్లొచ్చే పసివాళ్లకు వాడే హోమియో మాత్రల్లో బెల్లడోనా పాళ్లు ఒక్కో మాత్రలో ఒక్కోలా ఉన్నాయని, కొన్నిట్లో సీసా మీద రాసినదానికన్నా బాగా ఎక్కువని 2017లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది. వాటిని వాడొద్దని అంతకుముందు ఏడాదే హెచ్చరించింది. కాబట్టి బెల్లడోనా ‘క్యూ’ సీసా ఇంట్లో ఉంటే అది పిల్లల చేతికందని చోట ఉండాల్సిన విషం.

జ్వరంతో ఫిట్స్ వస్తే..

జలుబు, మామూలు వైరల్ జ్వరం, చాలా గొంతునొప్పులు.. ఇవి ఏ మందూ వెయ్యకపోయినా కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గేవి. గుళికలకు వచ్చే పేరులో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే. అవసరం లేని యాంటీబయోటిక్ వెయ్యకుండా ఆ నాలుగు రోజులూ గడిచిపోతే మంచిదే కూడా. చిక్కల్లా ఏ జ్వరం అలా తగ్గేదో ఇంట్లో తెలియకపోవడం. టైఫాయిడ్, న్యుమోనియా, మెదడు పొరల వాపు, మూత్రంలో ఇన్ఫెక్షన్, పాకుతున్న సెగగడ్డ.. వీటికి రోజులు లెక్క. ‘200 వేశాం, రేపటిదాకా చూద్దాం’ అన్న ఆ ఒక్క రేపే ఖరీదైపోవచ్చు. యాంటీబయోటిక్ మొదలుపెట్టాక మధ్యలో ఆపి గుళికలకు మారడం కూడా అలాంటి పొరపాటే.

మెదడువాపు విషయంలో అయితే గంటలే లెక్క. జ్వరంతో పాటు ఫిట్స్, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం, మత్తుగా పడి ఉండటం, అమ్మను గుర్తుపట్టకపోవడం.. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చెయ్యాలి. పిల్లాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో గుళికగానీ, నీళ్లుగానీ, చెంచాగానీ పెట్టకూడదు. ఊపిరికి అడ్డం పడుతుంది.

1999లో తల్లిదండ్రులకు అందుబాటులో లేనిది ఇప్పుడుంది. అప్పట్లో దేశంలో తయారయ్యే మెదడువాపు టీకా ఎలుక మెదడు నుంచి చేసేది. కసౌలీలో కొద్ది కొద్దిగా తయారయ్యేది, మూడు డోసులు వెయ్యాలి. 2006 నుంచి కేంద్రం చైనాలో రూపొందిన టీకాను ముప్పున్న జిల్లాల్లో విడతలవారీగా వెయ్యడం మొదలుపెట్టింది. 2013లో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సొంత టీకా ‘జెన్‌వ్యాక్’ను తెచ్చింది. దానికి మూలం కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో దొరికిన వైరస్. ఈ టీకాలను పరీక్షించి చూశాకే వాడకంలోకి తెచ్చారు.

ముప్పున్న జిల్లాల్లో దీన్ని ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. 9 నెలలు నిండాక ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. నూజివీడు 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారినట్టే జిల్లాల హద్దులు చాలాచోట్ల మారాయి. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో అడిగితే చెబుతారు. పిల్లల టీకా కార్డు తీసి ‘జె.ఇ.’ అన్న గడి చూడండి. ఖాళీగా ఉంటే అది ఎందుకు ఖాళీగా ఉందో వచ్చే టీకాల రోజున అడగండి.